ఆట మీద మనసు విరిగినప్పుడు

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని మన పెద్దలు ఊరకే అనలేదు. నిన్నటిదాకా ప్రాణప్రదంగా చూసుకున్న వస్తువు ఈరోజు మూలన పడుతుంది. పసివాడు బొమ్మను విసిరికొడితే మనం నవ్వుకుంటాం. పాతికేళ్ల యువకుడు తనకు ఎంతో ఇష్టమైన సెల్‌ఫోన్ ఆటను వదిలేస్తే తల్లిదండ్రులు సంతోషిస్తారు. కాని వదిలినవాని మనసులో ఏం జరిగిందని ఎవరూ అడగరు. ఈ వారం ఆ ప్రశ్ననే మీతో కలసి ఆలోచించదలచాను.

కొంతకాలం క్రితం ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక మా విచారణకు చెందిన ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. “ఫాదర్ గారూ, మరియమ్మ తల్లి నా మొర ఆలకించింది. మావాడికి ఆ ఫోను ఆట మీద విసుగు పుట్టిందంట” అని చెప్పి, కొవ్వొత్తి వెలిగించి వెళ్లింది. ఆమె కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి నరసరావుపేటలో ఒక చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాడు. అతడు గుడి వరండాలో స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. తల్లి ముఖంలో ఉన్న సంతోషం కొడుకు ముఖంలో లేదు. ఏమిటయ్యా సంగతి అని అడిగాను. కాసేపు తటపటాయించి, “ఆడబుద్ధి కావడం లేదు ఫాదర్. కాని వదలబుద్ధి కూడా కావడం లేదు” అన్నాడు.

ఆ ఆట సంగతి మీలో చాలామందికి తెలుసు. నూరుమంది ఒక దీవిలో దిగుతారు. ఒకరినొకరు కాల్చుకుంటూ చివరికి మిగిలినవారు గెలుస్తారు. నలుగురు మిత్రులు ఒక జట్టుగా కూడా ఆడవచ్చు. పబ్జీ అనే పేరుతో అది మన పల్లెల్లోకి వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం దానితో పాటు మొత్తం 118 యాప్‌లను నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే పేరుతో తిరిగి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ కనబడకుండా పోయి, 2023 మే నెలాఖరులో మరల వచ్చింది. ఈ రాకపోకలన్నిటిలో ఈ అబ్బాయి దాని కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. నిషేధం వచ్చిన రోజున అన్నం తినలేదని తల్లి అప్పట్లో నాతో చెప్పింది. ప్రభుత్వం రెండుసార్లు తీసివేసినా అతని మనసులో నుండి పోని ఆట, ఇప్పుడు ఎవరూ ఏమీ చేయకుండానే దానంతట అది పోయింది.

ఇది విచిత్రం కాదా? ఆట అదే. దీవి అదే. తుపాకులు అవే. చేతివేళ్లు మరింత ఆరితేరాయి. అయినా రుచి లేదు. దీనిని మంచి అందామా, చెడు అందామా? మనసు విరగడం అతనికి కలిగిన వివేకమా, లేక ఒక నష్టమా? ఇష్టం చచ్చిన తరువాత కూడా చేయి అటే పోతుందంటే దానిని ఏమనాలి? అతనికి సమాధానం చెప్పడానికి నేను తొందరపడలేదు. ఎందుకంటే ఇలాంటిది నాకూ ఒకటి జరిగింది. దానిని చెప్పకుండా ఉపదేశం చేస్తే అది నిజాయితీ కాదు.

1990 దశకం చివరలో, నేను కొత్తగా గురుపట్టం పొంది పల్నాడులోనే ఒక విచారణలో సహాయ గురువుగా ఉన్నాను. అక్కడ మగపిల్లల బోర్డింగు ఉండేది. మిరప కోతలకూ, నాపరాయి క్వారీలకూ పోయే కుటుంబాల పిల్లలే ఎక్కువ. ఒక దాత వారి కోసమని ఒక టీవీ గేమ్ ఇచ్చారు. జపాన్ దేశపు నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన యంత్రాన్ని చూసి చేసిన నకళ్లు ఆ రోజుల్లో మన బజార్లలో దొరికేవి. కాసెట్ దూర్చి, వైరు టీవీకి తగిలిస్తే ఆట మొదలయ్యేది. మా పిల్లలకు ఇష్టమైనది 1985లో వచ్చిన సూపర్ మారియో. ఎర్రటోపీ, మీసాలు ఉన్న ఒక చిన్న మనిషి గోతులు దూకుతూ, ఇటుకలు పగులగొడుతూ పరుగెత్తుతుంటాడు. ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు మెట్లు, మొత్తం 32. అన్నీ దాటితే చివర రాకుమార్తె విడుదలవుతుంది.

రాత్రి భోజనాలయ్యాక అరగంట అనుమతి. పిల్లలు ఒక్కొక్క ప్రాణం చొప్పున వంతులు వేసుకొనేవారు. ఒకడు ఆడుతుంటే ముప్ఫైమంది అరిచేవారు. మొదట నేను వారిని కనిపెట్టడానికి కూర్చున్నాను. తరువాత నేర్చుకున్నాను. ఆ తరువాత పిల్లలు పడుకున్నాక కూడా ఆడడం మొదలుపెట్టాను. దాచడమెందుకు, ఆ ఆటను నేను ప్రేమించాను.

ఆగమనకాలంలో ఒక రాత్రి నేను ఆడుతుండగా ఉపదేశిగారు సైకిలు మీద వచ్చారు. ప్రక్క ఊరిలో ఒక ముసలమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని, అవస్థ అభ్యంగనానికి రావాలని చెప్పారు. “ఒక్క నిమిషం ఉపదేశిగారూ” అన్నాను. అప్పుడు నేను ఎనిమిదో లోకంలో ఉన్నాను. అంతకు ముందెన్నడూ అంత దూరం వెళ్లలేదు. ఆయన కండువా భుజాన సర్దుకొని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఇంకొకసారి “స్వామీ” అన్నారు, అంతే. ఆ ఒక్క నిమిషం పావుగంట దాటింది. స్కూటరు మీద ఇద్దరం బయలుదేరి వెళ్లేసరికి ఆమె ప్రాణంతోనే ఉన్నది కాని స్పృహ లేదు. అభ్యంగనం ఇచ్చాను. తెల్లవారకముందే ఆమె కన్నుమూసింది. “సాయంత్రం నుంచి స్వామికి ఒక మాట చెప్పుకోవాలని అడుగుతానే ఉంది. ఇప్పటిదాకా తెలివిలోనే ఉంది” అని ఆమె కూతురు చెప్పింది. నన్ను నిందించడానికి కాదు, ఉన్న సంగతి చెప్పింది. ఆ మాట ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఆ వారమే నేను ప్రసంగంలో మెలకువగా ఉండడం గురించి మాట్లాడాను.

మన పల్నాటివారికి ఇటువంటి కథ ఒకటి ఉన్నది. బాలచంద్రుని బొంగరాలాట మీరు వినే ఉంటారు. పెద్దలందరూ యుద్ధానికి సిద్ధపడుతుంటే తల్లి చాటున పెరిగిన బాలుడు తోటివారితో బొంగరాలు ఆడుతున్నాడు. ఆ బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలి గాయమయింది. ఆమె బాధతో అన్న మాటల వలన అతనికి యుద్ధం సంగతి తెలిసింది. ఆట అక్కడే ఆగిపోయింది. అతడు కారెంపూడి దారి పట్టాడు. అదే కథలో ఇంకొక ఆట ఉన్నది. అది కోడిపందెం. ఆ పందెంలో ఓడిన మాచర్ల పక్షం వారు ఏడేండ్లు రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. ఒకే కథలో ఒక ఆట మనుషులను మింగింది, మరొక ఆట ఒక బాలుని చేతిలో నుండి జారిపోయింది. యుద్ధానికి పోవడం గొప్ప అని నేను చెప్పడం లేదు. ఆటకు అవతల ఒక మనిషికి దెబ్బ తగిలిందని తెలిసిన క్షణంలో ఆట మారిపోతుందని మాత్రమే చెబుతున్నాను.

నా విషయంలో అలా జరిగి ఉంటే బాగుండేది. జరగలేదు. నేను వెళ్లి ఒక వృద్ధ గురువు దగ్గర పాపసంకీర్తనం చేశాను. ఆటను తిట్టుకుంటూ చాలాసేపు చెప్పాను. ఆయన విని, “నాయనా, శిక్ష ఆటకు వేయకు. ఆలస్యం చేసినవాడు మారియో కాదు, నువ్వు” అన్నారు. బుద్ధి వచ్చిందనుకున్నాను. నెల తిరగకముందే మళ్లీ ఆడాను. పిలుపు వస్తే వెంటనే లేచేవాడిని, ఆ మేరకు మారాను. కాని ఇష్టం చావలేదు. పశ్చాత్తాపం నా ప్రవర్తనను దిద్దింది, నా రుచిని దిద్దలేదు.

రెండేళ్ల తరువాత వేరే విచారణకు బదిలీ అయింది. అక్కడ బోర్డింగు లేదు. అలవాటు కొద్దీ పిడుగురాళ్ల బజారులో అటువంటి యంత్రమే ఒకటి కొన్నాను. రాత్రి తలుపు వేసుకొని పెట్టాను. అదే పాట, అవే ఇటుకలు, అవే గోతులు. పది నిమిషాలలో విసుగు వచ్చింది. మరుసటి రాత్రి మళ్లీ ప్రయత్నించాను. ఏమీ లేదు. ముసలమ్మ మరణం చంపలేని ఇష్టాన్ని ఒక ఖాళీ గది చంపింది. ఎందుకని ఆలోచిస్తే, నేను ప్రేమించిన దానిలో సగం ఆ ముప్ఫైమంది అరుపులు అని అప్పుడు తెలిసింది.

కాబట్టి నేను మొదట చెప్పదలచిన మాట ఇది. ఒక ఆట మీద మనసు విరగడం పుణ్యమూ కాదు, పాపమూ కాదు. దానిని పుణ్యంగా లెక్కవేసుకొనేవాడు తనను తాను మోసం చేసుకుంటాడు. ఆకలి తీరినవాడు భోజనం మానితే అది ఉపవాసం కాదు గదా. అలాగే దానిని పాపంగా ఎంచి బాధపడనవసరం కూడా లేదు. ఇష్టాలు పుట్టడమూ పోవడమూ చాలా వరకు మన చేతిలో లేవు. అవి పోయిన తరువాత మనం ఏం చేస్తామన్నది మన చేతిలో ఉన్నది. నైతిక ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఆట అంటేనే తక్కువ చూపు చూసే భక్తులు కొందరున్నారు. వారు పునీత అక్వినాసు తోమాసుగారి గ్రంథం చూడాలి. ఆయన వేదాంత సంగ్రహంలో ఆటల గురించి మూడు ప్రశ్నలు వేసుకున్నారు. ఆటలో సద్గుణం ఉండగలదా? అతిగా ఆడడం పాపమా? అసలు ఆడకపోవడం కూడా తప్పవుతుందా? మూడింటికీ ఆయన అవుననే జవాబిచ్చారు. శరీరానికి నిద్ర ఎలాగో మనసుకు ఆట అలాగని ఆయన భావం. అక్కడే పాత సన్యాసుల నుండి వచ్చిన ఒక కథ చెబుతారు. అపొస్తలుడైన యోహానుగారు శిష్యులతో సరదాగా ఉండడం చూసి ఒకరు నొచ్చుకున్నారట. యోహానుగారు అతనిని బాణాలు వేస్తూనే ఉండమన్నారట. ఎల్లవేళలా ఎక్కుపెట్టి ఉంచితే విల్లు విరిగిపోతుందని అతడు చెప్పాడు. మనసు కూడా అంతేనని ఆయన అన్నారట. 2025 సెప్టెంబరు 7న పునీతునిగా ప్రకటింపబడిన కార్లో అకుటిస్ కూడా వీడియో ఆటలు ఇష్టపడినవాడే. వారానికి ఒక గంటకు మించి ఆడకూడదని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని చెబుతారు. ఆ బాలుడు ఆటను ద్వేషించలేదు, దాని చోటు దానికి చూపించాడు.

అయితే మా యువకుని ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. రుచి పోయినా చేయి ఎందుకు పోతుంది?

దీనికి ఒక కారణం ఆ ఆటలు తయారైన తీరులోనే ఉన్నది. నేను ఆడిన పాత ఆటకు ఒక చివర ఉండేది. రాకుమార్తెను విడిపిస్తే కథ ముగిసేది. పాత నోకియా ఫోనులో 1997 నుండి వచ్చిన పాము ఆటలో కూడా, పాము తన ఒంటినే తాకగానే ఆట అయిపోయేది. ఇప్పటి ఆటలు చాలా వాటికి ముగింపు అనేది లేదు. రోజూ తెరిస్తే ఒక బహుమానం, మానితే అది పోతుంది. కొన్నాళ్లకొక కొత్త అంకం, కొత్త దుస్తులు, కొత్త మెట్టు. ముగింపు లేని ఆటకు మనసు విరగడం ఒక్కటే ముగింపు. కాబట్టి ఆ విసుగును శత్రువుగా చూడకండి. ఆట చెప్పని ‘ఇక చాలు’ అనే మాటను అది చెబుతున్నది.

రెండవ కారణం మనలో ఉన్నది. ఆ యువకుడు తన వేళ్లు చూసుకుంటూ, “నాలుగేళ్లు పెట్టాను ఫాదర్, ఎంత డబ్బు కూడా పెట్టాను, ఇప్పుడు ఎలా వదిలేది?” అన్నాడు. మన రైతులకు ఈ బాధ బాగా తెలుసు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలను దెబ్బతీసినప్పుడు కొందరు పెట్టిన పెట్టుబడి మీద మమకారంతో మందు మీద మందు కొట్టారు. కొందరు కన్నీళ్లు పెట్టుకొని తోట పీకి వేరే పైరు వేసుకున్నారు. పీకినవారు పెట్టుబడిని తక్కువ చేసి చూడలేదు. పోయిన పెట్టుబడి పోయింది, ఇక రేపు పెట్టబోయేది ఎందుకు పోగొట్టుకోవాలని అనుకున్నారు. నాలుగేళ్లు తిరిగి రావు. ఐదో ఏడు మాత్రం ఇంకా చేతిలో ఉన్నది.

మూడవ కారణం అతడు చివరగా చెప్పాడు. నిజానికి అదే అసలైనది. అతని జట్టులో నలుగురు. ఒకడు హైదరాబాదులో, ఒకడు కువైట్‌లో, ఒకడు చిలకలూరిపేటలో. లాక్‌డౌన్ రోజుల్లో ఒకరి ముఖం ఒకరు చూడలేని కాలంలో రాత్రి పదింటికి ఆ ఆటలోనే కలుసుకొనేవారు. ఒకని తండ్రి జబ్బున పడినప్పుడు మిగిలిన ముగ్గురూ ఆ ఆటలోనే అతనికి తోడున్నారు. “ఆట మానేస్తే వాళ్లను మానేసినట్లే గదా ఫాదర్” అన్నాడు.

నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకొనే రోజుల్లో అరిస్టాటిల్ స్నేహాన్ని మూడు విధాలుగా విభజించాడని నేర్చుకున్నాం. ప్రయోజనం కోసం ఉండేది ఒకటి, సంతోషం కోసం ఉండేది ఒకటి, ఒకరి మంచిని ఒకరు కోరి ఉండేది ఒకటి. మొదటి రెండూ వాటి కారణం పోగానే పోతాయి. మూడవది నిలుస్తుంది. ఆ రోజు పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ విభజన ఈ వరండాలో నాకు పనికివచ్చింది. ఆటతో మనకు ఉండేది రెండవ రకం బంధం. ఆట మనకు సంతోషం ఇస్తుంది, మనం దానికి సమయం ఇస్తాం. సంతోషం పోయిన తరువాత దానికి మనం బాకీ ఏమీ లేదు. ఆటకు మనం మాట ఇవ్వలేదు. అది మన కోసం ఏడవదు. కాని ఆ ఆటలో దొరికిన మనుషులు వేరు. వారితో బంధం ఆటగా మొదలై ఉండవచ్చు, ఎక్కడో మూడవ రకంగా మారి ఉండవచ్చు. మారిందో లేదో తెలుసుకోవడానికి ఒకటే మార్గం. ఆటను ప్రక్కన పెట్టి పిలిచి చూడడం.

ఇక్కడ మనం చేసే తప్పులు రెండు ఉన్నాయి. ఒకటి, మనుషులకు చెందవలసిన విశ్వాస్యతను ఆటకు ఇవ్వడం. ఇష్టం లేకపోయినా, నిద్ర చెడినా, తల్లి పిలుస్తున్నా, ప్రతి రాత్రి నియమం తప్పకుండా ఆట ముందు కూర్చోవడం అటువంటిదే. రెండవది, ఆటకు చెల్లే చపలత్వాన్ని మనుషులకు చూపించడం. ఇది ఇంకా ప్రమాదకరమైనది. ఈమధ్య పెండ్లయి రెండేళ్లు నిండని జంటలు నా దగ్గరకు వచ్చి, “మునుపటిలా అనిపించడం లేదు ఫాదర్” అంటున్నారు. మునుపటిలా అనిపించకపోతే ఆట వదలవచ్చు. భార్యను, భర్తను, ముసలి తల్లిదండ్రులను, ఇచ్చిన మాటను అలా వదలడానికి వీలు లేదు. ఆట విషయంలో మోజు తీరడం ముగింపు. మనుషుల విషయంలో మోజు తీరిన నాడే ప్రేమకు పని మొదలవుతుంది. గురుజీవితంలో కూడా అంతే. మొదటి పూజ నాటి పరవశం నాకు ఈరోజు ఉదయం లేదు. అయినా ఉదయం ఆరు గంటలకు గంట మోగింది, పూజ జరిగింది. ఏ బంధం సంతోషం మీద నిలబడింది, ఏది మాట మీద నిలబడిందని వేరుచేసి చూసుకోగలగడం పెద్దరికంలో ముఖ్యభాగం.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పాలి.

మీ బిడ్డ ఒక ఆట వదిలినప్పుడు “నేను ముందే చెప్పానా?” అనకండి. అతడు ఒక ఇష్టాన్ని పోగొట్టుకున్నాడు. ఆ ఇష్టం మీకు పనికిమాలినది కావచ్చు, అతనికి అది కొన్నేండ్ల జీవితం. పునీత అగస్టీను తన ఆత్మకథలో బాల్యంలో ఆటల కోసం దెబ్బలు తిన్న సంగతి చెబుతూ, పెద్దల ఆటలకు వ్యాపారమని పేరు పెట్టుకుంటారని ఎత్తిపొడిచారు. మన చిట్‌ఫండ్ లెక్కలూ, పార్టీల గొడవలూ, టీవీ సీరియళ్లూ వారి ఆటలకంటె ఎంత గొప్పవో మనమూ ఆలోచించుకోవాలి.

అలాగే అతడు ఆ ఆటను తిట్టడం మొదలుపెడితే ప్రోత్సహించకండి. ఏరు దాటాక తెప్ప తగలేయడం మంచి అలవాటు కాదు. ఆ ఆట అతనికి ఒకప్పుడు నిజంగా సంతోషమిచ్చింది. ఇప్పుడు సంతోషం లేదు కాబట్టి అప్పటిది అబద్ధమని అనడానికి లేదు. చిన్నప్పుడు మనం ఆడిన పులిమేక, వామనగుంటలు ఇప్పుడు ఆడం. అయినా వాటిని తలచుకుంటే నవ్వు వస్తుంది గాని అసహ్యం కలగదు. పౌలుగారు కొరింతీయులకు వ్రాస్తూ పెద్దవాడనైనప్పుడు పిల్లతనపు పనులు మానుకున్నానని చెప్పారే గాని, పిల్లవాడుగా ఉండడం తప్పని చెప్పలేదు.

ఖాళీ అయిన చోటును గమనించండి. ఊడ్చి శుభ్రం చేసి ఖాళీగా ఉంచిన ఇంటిలోకి మునుపటికంటె చెడ్డవి ఏడు వచ్చి చేరాయని ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలుసు. ఒక ఆట మీద విసుగు పుట్టినవాడు అదే ఫోనులో చిన్న చిన్న వీడియోలు తిప్పుతూ రాత్రి రెండింటిదాకా కూర్చుంటే అతడు ఏమీ వదలలేదు. డబ్బు పందెం పెట్టే ఆటలలోకి మళ్లితే అది మరీ ప్రమాదం. అటువంటి వాటిని 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. ఆ ఆటలో అతడు వెతుక్కున్నది ఏమిటి? స్నేహమా? గెలుపా? ఒక దుఃఖాన్ని మరచిపోవడమా? అది తెలిస్తే దానిని సరైన చోట వెతుక్కోవడానికి మనం సహాయం చేయవచ్చు.

చివరిది చాలా ముఖ్యమైనది. విసుగులు రెండు రకాలు. ఒక ఆట మీద విసుగు పుట్టి మిగతా జీవితం మీద ఆసక్తి పెరిగితే అది ఎదుగుదల. ఆట మీద, అన్నం మీద, స్నేహితుల మీద, ప్రార్థన మీద, ఉద్యోగం మీద, అన్నిటి మీదా ఒకేసారి విసుగు పుడితే అది వేరు. నాల్గవ శతాబ్దంలో ఎడారి సన్యాసి ఎవాగ్రియుస్ దీనిని మధ్యాహ్నపు దయ్యమని పిలిచాడు. పొద్దు కదలనట్లు, ఉన్న చోటు, చేసే పని అన్నీ అసహ్యమైనట్లు అనిపించే స్థితి అది. ఈనాడు దానిలో కొంత జబ్బు కూడా ఉండవచ్చునని మనకు తెలుసు. అలాగే ఆటను అదుపు చేసుకోలేక, జీవితం పాడవుతున్నా మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది. అది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఈ రెండు సందర్భాలలోనూ మందలింపు పనిచేయదు. ప్రార్థన మానకండి, కాని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇక మా యువకుని సంగతి. నేను అతనికి ఆట మానమనీ చెప్పలేదు, ఆడమనీ చెప్పలేదు. “వచ్చే ఆదివారం మీ నలుగురూ ఆట లేకుండా ఫోనులో మాట్లాడుకోండి, ఏమవుతుందో చూడు” అన్నాను. రెండు వారాల తరువాత వచ్చాడు. మొదటిసారి పది నిమిషాలు ఎవరికీ మాటలు దొరకలేదట. హైదరాబాదువాడు పని ఉందని వెళ్లిపోయాడు, మరల రాలేదు. చిలకలూరిపేటవాడు “ఆడదాం రండిరా, ఈ ముచ్చట్లేంటి” అని విసుక్కున్నాడు. కువైట్‌లో ఉన్నవాడు మాత్రం చాలాసేపు మాట్లాడాడు. అక్కడ పని ఎంత కష్టంగా ఉన్నదో ఆ రోజు మొదటిసారి చెప్పాడట. ఇన్నేండ్లు రోజూ కలసి ఆడినా ఆ సంగతి తెలియలేదని చెబుతూ ఇతడు తల వంచుకున్నాడు. నలుగురిలో ఒకడు మిగిలాడు. అది తక్కువో ఎక్కువో నేను చెప్పలేను. ఆ మరుసటి వారం ఆటను ఫోనులో నుండి తీసివేశానని చెప్పాడు. తల్లి మళ్లీ కొవ్వొత్తి తెచ్చింది. ఈసారి కొడుకు కూడా ప్రక్కన నిలబడ్డాడు.

నా పాత బోర్డింగు పిల్లలలో ఒకడు పోయిన క్రిస్మసుకు భార్యాబిడ్డలతో నన్ను చూడడానికి వచ్చాడు. ఫోనులో ఆ పాత ఆట దొరుకుతుందని చూపించి, “ఆడండి ఫాదర్” అని చేతికిచ్చాడు. ఒక ప్రాణం నేను ఆడాను, ఒక ప్రాణం వాడు ఆడాడు. మొదటి లోకం కూడా దాటలేదు. ఇద్దరం నవ్వుకొని ఫోను ప్రక్కన పెట్టాం. ఆ తరువాత పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం. ఆ రాత్రి గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఉపదేశిగారిని వాడు కూడా మరచిపోలేదు. “మేం నిద్ర నటిస్తా చూస్తున్నాం ఫాదర్” అన్నాడు. ఇన్నేండ్లుగా అది నాకూ దేవునికీ మాత్రమే తెలుసని అనుకున్నాను.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లలను ఒక ప్రశ్న అడగండి. నీవు ఒకప్పుడు బాగా ఇష్టపడి ఇప్పుడు ఇష్టపడని ఆట ఏది అని అడగండి. వారు చెప్పేది చివరిదాకా వినండి. తరువాత మీది మీరు చెప్పండి. ఆ మాటల మధ్యలో ఎవరైనా గుమ్మం దగ్గరకు వచ్చి పిలిస్తే మాత్రం ‘ఒక్క నిమిషం’ అనకుండా లేవండి.